పీహెచ్‌డీ సంగతి అడగను

చిన్నీ,

ఇక్కడ అందరం కులాసా. నాన్న మోకాలు మామూలే. రాణి పెద్దమ్మ ఫోన్ చేసింది. నువ్వు పీహెచ్‌డీ పక్కన పడేసి, నాలుగు దేశాల పిల్లల్ని వెంటేసుకుని చిత్తడి నేలలు కాపాడతానని తిరుగుతున్నావట. ఆవిడ చెప్పేదాంట్లో సగం తీసెయ్యాలని తెలుసు. ఏ సగం తీసెయ్యాలో తెలియక రాస్తున్నాను. నువ్వా, ఫోన్ ఎత్తవు. పీహెచ్‌డీ సంగతి మాత్రం నేను అడగను, నీ ఇష్టం.

ఆ బృందానికి నువ్వే లీడరువట కదా. సంతోషం. బురదలో దిగేటప్పుడు పొడుగు బూట్లు వేసుకో. కిందటిసారి కాలు చీము పట్టేదాకా నోరు విప్పలేదు.

అస్సాంలో పక్షుల మీద పరిశోధన చేసే పూర్ణిమా దేవి బర్మన్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. హర్గిలా అనే పెద్ద కొంగ అక్కడ జనం పెరళ్లలోని ఎత్తైన చెట్ల మీదే గూడు కడుతుంది. కిందంతా రెట్ట, కుళ్లిన మాంసం వాసన. పైగా అపశకునమన్న పేరు. ఎవరు భరిస్తారు? 2007లో ఒకాయన గూళ్లున్న చెట్టు కొట్టించేస్తే పిల్లలు నేలరాలి చచ్చిపోయాయి. ఈవిడ వెళ్లి అడిగితే చుట్టూ మూగి ఈలలు వేశారు. నువ్వయితే మర్నాడు ప్లకార్డు పట్టుకుని వెళ్లేదానివి, నాకు తెలుసు. ఆవిడ ‘హర్గిలా ఆర్మీ’ అని ఆడవాళ్లని పోగేసింది. తప్పు మనుషులది కాదు, ఆ పక్షి గురించి వాళ్లకి తెలియకపోవడమే అనుకుంది. కొంగలు గుడ్లు పెట్టే కాలంలో వాటికి సీమంతాలు చేయించింది. చీరల మీద హర్గిలా బొమ్మలు నేయించి, ఆ డబ్బు వాళ్లకే అందేలా చూసింది. ఇప్పుడు హర్గిలా ఆర్మీలో 10,000 మందికి పైగా ఆడవాళ్లున్నారు. ఆ ఊళ్లలో 28 గూళ్లుండేవి, 250 దాటాయి. ఇదంతా చేస్తూ చదువు వాయిదా వేసుకుంది, నిజమే. కానీ 2019లో పీహెచ్‌డీ పూర్తి చేసింది. పూర్తి చేసింది, చూశావా.

నీకు పాఠాలు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఏ దేశం వెళ్లినా మీ పోస్టర్లు అక్కడ అతికించి వచ్చెయ్యకండి. ఒకచోట జనం లెక్కలు చూపిస్తే కదులుతారు, ఇంకోచోట పాటకి, మరోచోట భక్తికి. ఆ నీళ్ల మీద బతికేవాళ్లని ముందు అడగండి. మైకు అక్కడి పిల్లల చేతికిచ్చి నువ్వు వెనక కూర్చో. నీకది కష్టమే, చిన్నప్పటి నుంచీ ముందు వరసే కావాలి. చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ 1991లో టాంజానియాలో ‘రూట్స్ అండ్ షూట్స్’ అనే పిల్లల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఉన్నది 12 మంది విద్యార్థులు. తమ చుట్టుపక్కల ఏం చెయ్యాలో పిల్లలే తేల్చుకోవాలన్నది వాళ్ల పద్ధతి. అందుకే ఎన్నో దేశాలకి పాకింది.

కెన్యాలో వంగారి మాథాయ్ 1977లో ఆడవాళ్లతో మొక్కలు నాటించడం మొదలుపెట్టింది, 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. డాక్టరేటు మాత్రం 1971లోనే తీసుకుంది. ఊరికే చెబుతున్నాను.

టెన్షన్ పడి నిద్ర మానకు. సుధ పంపిన ఫోటోలో కళ్ల కింద నలుపు చూశాను.

అమ్మ

తా.క.: గైడ్‌కి చెప్పావా? సెలవు పెట్టావా, మానేశావా? పెద్దమ్మ ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తుంది, నేనేం చెప్పాలి?