2020-21 వార్షిక నివేదిక: కాలనీలో పిల్లల భద్రత

సభ్యులందరికీ నమస్కారం.

మెయింటెనెన్స్ బాకీలు, బోరు రిపేరు, జమాఖర్చుల లెక్కలు కోశాధికారి గారు విడిగా ఇచ్చారు, మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కమిటీ తల పట్టుకున్నది మనం ఎప్పుడూ ఎజెండాలో పెట్టని విషయం మీద: ఇళ్లల్లో పిల్లలు దెబ్బలు తినడం, గాయపడటం.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. తర్వాత మూడు నెలల్లో పిల్లల గురించి ఒక్క ఫిర్యాదూ రాలేదు. అంతా సవ్యంగా ఉందని మినిట్స్‌లో రాసేశాం. అప్పటికే ఏప్రిల్ పేపర్లలో వచ్చింది, మార్చి చివరి పదకొండు రోజుల్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి దేశమంతటి నుంచి 3.07 లక్షల కాల్స్ వస్తే, 92,105 కాల్స్ హింస నుంచి కాపాడమనేవేనని. చదివాం. మన కాలనీలో కాదులే అనుకున్నాం.

ఫిర్యాదు రాకపోవడానికి కారణం వేరే. పిల్లాడి వీపు మీద వాత కనిపెట్టేది మామూలుగా టీచరో, అంగన్‌వాడీ ఆయమ్మో. బడి మూతపడితే చూసేవాళ్లే లేరు. అమెరికాలో 2020 వసంతంలో ఇలాంటి కేసులతో ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల సంఖ్య ఒక దశలో సగానికి పైగా పడిపోయింది. కానీ అలా వచ్చినవాళ్లలో అడ్మిట్ చేయాల్సి వచ్చినవారు అంతకుముందు ఏడాది 2.1 శాతమైతే, ఈసారి 3.2 శాతం. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి, ఎవరో కొట్టడం వల్లో ఊపేయడం వల్లో అయ్యాయని అనుమానించిన తల గాయాలతో నెలలోనే పది మంది పసివాళ్లు వచ్చారు. అంతకుముందు నెలకు సగటున ఒక్కరు కూడా వచ్చేవారు కాదు.

ఆగస్టులో ఒక రాత్రి ఏడుపు వినబడి ఒక సభ్యురాలు గ్రూపులో అడిగితే, "వాళ్లింటి గొడవ, మనకెందుకండీ" అని జవాబొచ్చింది. మర్నాడు ఇద్దరు పెద్దావిడలు పులిహోర గిన్నె పట్టుకుని ఆ తలుపు తట్టారు. తండ్రి ఉద్యోగం పోయింది, ఇంట్లో ఒకటే ఫోను, ఆన్‌లైన్ క్లాసులు ఇద్దరికి. ఆ టెన్షనంతా చిన్నోడి వీపు మీద తేలింది. 1098కి మేమే ఫోన్ చేశాం. కాలనీ పరువు తీశారని కొందరు ఇప్పటికీ కమిటీతో మాట్లాడటం లేదు. సరే. పిల్లలపై లైంగిక నేరమైతే, తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో చట్టం కింద శిక్షార్హమన్నది మాత్రం వాళ్లూ గుర్తుంచుకోవాలి.

ఇంకో గాయం ఎవరి కోపం వల్లా కాదు. ఆవిరి పట్టిస్తుంటే గిన్నె ఒలికి ఒక బాబు తొడలు కాలాయి. కరోనాకు ఆవిరి పట్టమనే మెసేజ్‌లు ఫార్వర్డ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఇలా కాలి వచ్చిన పిల్లల కేసులు ముప్పై రెట్లు పెరిగాయని 2020లోనే డాక్టర్లు రాశారు. పిల్లలకు ఆవిరి వద్దు. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. పేస్టు, పసుపు, ఇంకు రాయకండి.

తెలంగాణలో తొమ్మిదో తరగతికీ ఆ పైవాళ్లకూ 2021 ఫిబ్రవరి 1న తెరిచిన బళ్లు మార్చి 24న మళ్లీ మూసేశారు. అందుకని సాయంత్రాలు కమ్యూనిటీ హాలు వరండా పిల్లలకు వదులుతున్నాం. చదువు చెప్పడానికి ఇద్దరు రిటైర్డ్ టీచర్లు ఒప్పుకున్నారు. లిఫ్టుల్లోనూ, గేటు దగ్గరా 1098 అంటించాం. బి బ్లాకులో ఎవరో చించేశారు, ఈ ఆదివారం మళ్లీ అంటిస్తాం.

కార్యదర్శి