గైడు కొనే ముందు ఒక్కసారి నా గోడు విను

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి వచ్చే ఏడాది ఎస్‌ఏటీ, అదే అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష, రాస్తానంటోందా? సంతోషం. "మంచి గైడు పేరొకటి రాసి పడెయ్, కొనేస్తాను" అన్నావు చూడు, అక్కడే నవ్వొచ్చింది. మావాడి టైములో నేనూ అందర్నీ ఇదే మాట అడిగాను. చేతులు కాల్చుకున్నాను. అందుకే పేరు రాయను. ఏం చూసి కొనాలో మాత్రం చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నా ఘనకార్యం విను. తెలిసినవాళ్లు వాళ్లబ్బాయి వాడిన పుస్తకం ఊరికే ఇచ్చారు. దిండంత లావు. ఆ లావు చూసే నేను పడిపోయాను. మావాడు ఆరు వారాలు దానితో కుస్తీ పట్టాడు. పేజీ నిండా పరుచుకున్న పాసేజీలు, ఒక్కోదాని కింద పదేసి ప్రశ్నలు, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చేయాల్సిన లెక్కల సెక్షన్ ఒకటి. తీరా ఓ ఆదివారం కంప్యూటర్లో నమూనా పరీక్ష తెరిస్తే ఆ సెక్షనే లేదు! పాసేజీ చూస్తే నాలుగైదు వాక్యాలు, దానికి ఒకే ఒక్క ప్రశ్న. వాడు నావైపు తిరిగి "నాన్నా, ఇది వేరే పరీక్షా?" అన్నాడు. ఏం చెప్పను? పుస్తకం చెడ్డదేం కాదురా, దాని కాలం అయిపోయింది, అంతే.

కాబట్టి పుస్తకం చేతిలోకి రాగానే ముందు దాని వయసు కనిపెట్టు. మొత్తం మార్కులు 2400 అని ఉంటే అది 2016కి ముందుది. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది, తెలియకపోతే వదిలెయ్ అని సలహా ఇస్తున్నా అంతే. ఇప్పుడు మైనస్ మార్కులు లేవు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. 1600 అని ఉండి, 'కాలిక్యులేటర్ లేని సెక్షన్' కూడా కనిపిస్తే అది మా ఇంటికొచ్చిన బాపతు. పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదికి మారింది అమెరికా బయట 2023 మార్చిలో, అమెరికాలో 2024 మార్చిలో. అట్ట మీద కొత్త సంవత్సరం వేసి లోపల పాత సరుకే ఉంచేవాళ్లూ ఉంటారు, అందుకే లోపలి పేజీలే చూడు.

ఇప్పటి పరీక్ష రెండు గంటల 14 నిమిషాలు. ఇంగ్లీషులో 54 ప్రశ్నలు, లెక్కల్లో 44. ఒక్కో సబ్జెక్టూ రెండు మాడ్యూళ్లు, అంటే రెండు భాగాలు. మొదటిదాంట్లో ఎలా చేశావన్నదాన్ని బట్టి రెండోది కఠినంగానో తేలిగ్గానో వస్తుంది. అచ్చు పుస్తకం ఈ పని ఎలా చేస్తుంది చెప్పు? కొన్నింటిలో రెండో మాడ్యూలు రెండు రకాలుగా అచ్చేసి, నీకు ఇన్ని కరెక్టయితే ఫలానా పేజీకి వెళ్లు అంటారు. ఆ మాత్రం శ్రద్ధ ఉన్న పుస్తకం మిగతా విషయాల్లోనూ కొంచెం నయంగానే ఉంటుందని నా లెక్క.

ఇక అసలు సంగతి. నువ్వు ప్రశ్నలెన్ని ఉన్నాయో చూస్తావు, నాకు తెలుసు. అవి చూడకు. వెనక్కి తిప్పి వివరణలు చదువు. ఒక లెక్క చెబుతాను. ఒక వస్తువు ధర 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గించారు. చివరికి ధర ఎంత? మావాడు తడుముకోకుండా "మొదటి ధరే" అని గుర్తు పెట్టాడు. ఆ దిండు పుస్తకంలో వివరణ ఏమిటంటే: 1.2 ఇంటూ 0.8 ఈజ్ ఈక్వల్ టు 0.96, కాబట్టి జవాబు 'బి'. అంతే! తర్వాత కొన్న సన్న పుస్తకంలో ఇలాంటి లెక్కకే ఇంకో రెండు వాక్యాలున్నాయి: రెండోసారి తగ్గించింది మొదటి 100 మీద కాదు, పెరిగిన 120 మీద, 'మొదటి ధరే' అనుకున్నవాళ్లు ఇక్కడే దెబ్బతిన్నారు. మావాడు అది చదివి "ఓహో" అన్నాడు. ఆ తర్వాత ఆ తప్పు మళ్లీ చేయలేదు. కరెక్టు జవాబు ఎందుకు కరెక్టో ఎవడైనా రాస్తాడు బావా. పిల్లలు ఎంచుకునే తప్పు జవాబు ఎందుకు తప్పో రాసినవాడికే పిల్లలకి చెప్పడం వచ్చినట్టు. ఇంగ్లీషు ప్రశ్నలకైతే ఇది మరీ ముఖ్యం, అక్కడ నాలుగు జవాబులూ కరెక్టే అనిపిస్తాయి కదా!

ఇంకోటి, పరీక్ష స్క్రీన్ మీదే డెస్మోస్ అనే గ్రాఫు కాలిక్యులేటర్ ఇస్తారు. రెండు సమీకరణాలు టైపు చేస్తే గీతలు ఎక్కడ కలుస్తాయో అదే చూపిస్తుంది. దాని ఊసే ఎత్తని లెక్కల గైడుని పక్కన పెట్టెయ్. అట్ట మీద ఇన్ని మార్కులు పెరగడం గ్యారంటీ అనేవాటి గురించి చెప్పక్కర్లేదనుకుంటా.

కొనేముందు అమ్మాయి చేత బ్లూబుక్ యాప్‌లో ఒక పూర్తి పరీక్ష రాయించు. అది పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు వాళ్లదే, ఉచితం. మిగతా పరీక్షలు మాత్రం ఇప్పుడే ఖర్చు పెట్టనివ్వకు, అసలు పరీక్షకి దగ్గరలో అవే దిక్కు. మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే, అన్నీ కలిపిన లావుపాటిది కావాలో, ఒక్క గ్రామర్ పుస్తకం చాలో తేలిపోతుంది. రోజువారీ ప్రాక్టీసుకి ఖాన్ అకాడమీ వెబ్‌సైటు ఎలాగూ ఉంది, అదీ ఉచితమే. ఏమో, అసలు నీకు పుస్తకమే అక్కర్లేకపోవచ్చు!

అప్పటికీ కొనాలనిపిస్తే, నువ్వు చూస్తున్న పుస్తకంలో వివరణలున్న పేజీలు ఓ మూడు ఫోటో తీసి పంపు. అట్ట ఫోటో వద్దు. ఆదివారం తీరిగ్గా చూసి ఫోన్ చేస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఉంటాను మరి,
నీ బావ