పాపా, ఆ చేతి కట్టు ఏంది?

కావలి,
ఆదివారం రాత్రి

చిరంజీవి పాపకు,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. అవ్వకు అన్నం సహించడం లేదు, రెండు పూటలా గంజే అడుగుతోంది. ఉలవపాడు మామిడికాయలు దిగాయి. మీ అమ్మ ఆవకాయ పెట్టి, నీ వాటా చిన్న జాడీలో తీసి, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టింది. ఇవన్నీ ఫోన్లో చెప్పే మాటలే. నువ్వేమో ఫోన్ ఎత్తగానే "మీటింగ్‌లో ఉన్నా నాయనా, తర్వాత చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నా.

పోయిన శుక్రవారం శీనయ్య బీపీ మాత్రలకు మన మందుల షాపుకొచ్చాడు. మద్రాసు సెంట్రల్లో నిన్ను చూశానన్నాడు. పలకరిద్దామనుకునే లోపల జనంలో కలిసిపోయావంట. "పాపకు ఎడమ చేతికి కట్టుంది అన్నా, మణికట్టు కాడ. దాని మీద చున్నీ చుట్టుకోనుంది" అన్నాడు. అతనికిచ్చే మాత్రల స్ట్రిప్ కత్తిరిస్తూ ఉన్నా, ఎన్ని కత్తిరించానో తెలియలేదు. ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు. ఉగాది నుంచి నువ్వు వీడియో కాల్ చెయ్యడం లేదని, చేసినా మొహం వరకే చూపిస్తున్నావని అప్పుడు అంది.

సరే, ఆ సంగతి తర్వాత. కలుగోళమ్మ గుడి దగ్గర మన పాత ఇల్లు కొన్నవాళ్ళు పైన ఇంకో అంతస్తు లేపుతున్నారు. వేపచెట్టు మాత్రం కొట్టలేదు. రొట్టెల పండక్కి ఈసారి నెల్లూరు పోవాలంటోంది మీ అమ్మ. పోయినేడు అవ్వ కోసం స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టింది కదా, అది ఈ ఏడు తిరిగి ఇవ్వాలి. నీ పేరున కూడా ఒకటి పడతానంటే పెళ్ళి రొట్టెనేమో అనుకున్నా. కాదంట, నీకూ ఆరోగ్య రొట్టే పడుతుందంట. ఆమె మనసులో ఏముందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ కట్టు టాటూ గురించే అయ్యుంటుందని నా నమ్మకం. బీటెక్ మూడో సంవత్సరంలో నెల్లూరులో వేయించుకున్నావు చూడు, నల్ల అక్షరాలు, చివర ఎర్ర గుండె, కింద పచ్చ తీగ. ఆ పేరు నేనిక్కడ రాయను. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం ఎందుకు తప్పిపోయిందో నువ్వు చెప్పావు, నేను విన్నాను, అంతటితో సరి. కానీ బుజ్జత్త నీకు ఫోన్ చేసిందని నాకు నిన్ననే తెలిసింది. సింగరాయకొండ వాళ్ళు చూపులకు వచ్చే లోపల ఆ పేరు చెరిపించుకోమందంట. ఆ మాట అనమని ఆమెకు మేము చెప్పలేదు పాపా. నేనూ చెప్పలేదు, మీ అమ్మా చెప్పలేదు. సింగరాయకొండ వాళ్ళతో నేను మాట్లాడతా. ఇట్టా ఉంది, ఇష్టమైతే రండి, లేకుంటే లేదు అని చెబుతా. నీ చేతిని చూసి వెనక్కి పోయేవాళ్ళు పోనీ.

నెల్లూరు నుంచి మన ఊరికి వచ్చే చర్మం డాక్టరు గారిని షాపులో కూర్చోబెట్టి అన్నీ అడిగాను. ఇంకు ఉండేది పై తోలులో కాదు, దాని కింద డెర్మిస్‌లో. పై తోలు ఎప్పటికప్పుడు రాలి కొత్తది వస్తుంది కాబట్టి అక్కడ ఉండుంటే ఎప్పుడో పోయేది. లోపల తెల్ల కణాలు ఇంకును మింగి అక్కడే ఉండిపోతాయి, అవి చచ్చిపోతే పక్కవి మళ్ళీ మింగుతాయి. అందుకే ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. లేజర్ చేసేదల్లా, చీమకుర్తిలో బండను కంకర చేసినట్టు ఆ ఇంకును పొడి చెయ్యడం. ఆ పొడిని మోసుకుపోవాల్సింది మన ఒళ్ళే. దానికి టైము కావాలి. అందుకే సిట్టింగుకీ సిట్టింగుకీ మధ్య 6 నుంచి 8 వారాలు వదలాలి. మామూలుగా 6 నుంచి 10 సిట్టింగులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏడెనిమిది నెలల నుంచి ఏడాది పైగా పట్టే పని. చూపుల లోపల అయిపోతుందని నీకు ఎవరైనా చెప్పుంటే నమ్మొద్దు. పైగా మణికట్టు గుండెకు దూరం, మెడ మీదో వీపు మీదో ఉన్న టాటూ కంటే నిదానంగా పోతుందంట.

రంగుల సంగతి కూడా ఉంది. నలుపు బాగా పోతుంది. మన చామనచాయకు 1064 నానోమీటర్ల (అది కాంతి తరంగం పొడవు) లేజర్ మేలని, అది చర్మం సొంత రంగును అంతగా తాకదని చెప్పారు. ఎరుపుకు 532 వాడతారు. పచ్చ తీగే మొండిది. దానికి 755 లాంటివి కావాలి, అవి మన ఒంటికి రంగునిచ్చే మెలనిన్‌ను కూడా పట్టుకుంటాయి. చేసేవాళ్ళకు చెయ్యి తిరక్కపోతే టాటూ పోయిన చోట తెల్ల మచ్చ మిగులుతుంది. అందుకని ముందు చిన్న చోట టెస్ట్ చేసి, కొన్ని వారాలు చూసి, ఆ తర్వాతే మొత్తం చెయ్యమను. బ్యూటీ పార్లర్లో మిషను ఉంది కదా అని పోవద్దు. ఎండీ డీవీఎల్, అంటే చర్మ వైద్యం చదివిన డాక్టరు దగ్గరికే పో. ఆన్‌లైన్లో టాటూ పోగొట్టే క్రీములని అమ్ముతున్నారు, అవి అసలు తాకొద్దు. ఇంకు ఉన్న లోతుకు ఏ క్రీమూ పోదు. పోయేంత ఘాటుగా ఉంటే అది యాసిడే, తోలు కాలుతుంది. ఈ షాపులో ఇన్నేళ్ళుగా అట్టాంటివి పూసుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఆయింట్‌మెంట్ ఇస్తూనే ఉన్నా. నువ్వు మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా? వేసుకుంటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పు.

అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాల్సింది మా అక్క రమణక్క సంగతి. నీకు సగమే తెలుసు. ఆమె తొమ్మిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, పచ్చబొట్లు పొడిచే ముసలామె మా అరుగు మీద కూర్చుని, సూదుల కట్టతో బావ పేరు పొడిచి పసుపు అద్దింది. ఆ బావకే ఇస్తారని పెద్దవాళ్ళ మాట. తర్వాత గట్టు తగాదా వచ్చి రెండిళ్ళకూ మాటలు పోయాయి. రమణక్కకు అద్దంకి సంబంధం ఖాయమైంది. పెళ్ళి నెలలో ఉందనగా కాబోయే అత్తగారు చెయ్యి చూసి, ఇంకొకడి పేరుతో మా గడప తొక్కుతుందా అంది. అది 1977, దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడే, ఎండాకాలం. నాకు పన్నెండేళ్ళు. మా తాత ఒక నాటువైద్యుణ్ణి పిలిపించాడు. అతను నల్లజీడి గింజ తెచ్చాడు. చాకిరేవులో బట్టలకు గుర్తులు పెడతారే, అదే. గింజను సూదికి గుచ్చి దీపం మీద పెడితే నల్లటి రసం చెమర్చింది. దాన్ని పుల్లతో తీసి ఒక్కో అక్షరం మీద అద్దుకుంటూ పోయాడు. రమణక్క పళ్ళు బిగించుకుని నా భుజం పట్టుకోనుంది. ఆ పూట ఏమీ కాలేదు. ఇంతేనా అని నవ్వింది కూడా. రెండో రోజుకు మోచెయ్యి దాకా వాచింది, బొబ్బలు లేచాయి, రసి కారడం మొదలైంది. పడుకోలేకపోయింది, చెయ్యి ఎక్కడా పెట్టుకోలేకపోయింది. మా అమ్మ అరిటాకు పరిచి దాని మీద చెయ్యి పెట్టించేది. జ్వరం ఎక్కువైతే ఎడ్లబండిలో ఆస్పత్రికి తీసుకొచ్చారు. దారంతా నేను పక్కన కూర్చుని ఈగలు తోలాను. పెళ్ళి శ్రావణమాసానికి జరిపారు.

పుండు మానింది. కానీ మచ్చ ఉబ్బి గట్టిపడింది, సరిగ్గా ఆ అక్షరాల మీదే. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా ఆ పేరు చదవొచ్చు. అద్దంకి మామ దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆమె రోహిణి కార్తె ఎండల్లో కూడా పైట చెంగు చేతికి చుట్టుకునే తిరిగింది. ఎండాకాలం వస్తే దురద, గోకితే మంట. చున్నీ చుట్టుకోనుందని శీనయ్య అన్నప్పుడు నాకు రమణక్క చెయ్యే కనిపించింది.

దాన్ని కీలాయిడ్ అంటారు. అది కుటుంబాల్లో నడుస్తుంది. ఏడో తరగతిలో నీకు చెవికి రెండో కుట్టు వేయిస్తే గడ్డ లేచింది, గుర్తుందా? నెల్లూరులో ఇంజెక్షన్లు వేయించాం. ఈ రెండు సంగతులూ లేజర్ చేసే డాక్టరుకు ముందే చెప్పాలి. చెప్పకుండా చేయించుకున్నావేమో అనే నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

ఇక సూటిగా అడుగుతున్నా. అది లేజర్ తర్వాత వేసిన కట్టేనా? అయితే భయం లేదు. కాసేపు తెల్లగా పొంగడం, ఎర్రబడటం, నీటి బొబ్బలు రావడం మామూలే. బొబ్బ చిదమొద్దు. వాజలీన్ రాసి, పుండుకు అంటుకోని గాజ్ గుడ్డ వేసి, వదులుగా కట్టుకో. చున్నీ బిగించి చుట్టొద్దు, రాపిడి తగులుతుంది. బండి మీద పోయేటప్పుడు ఎండ తగలనివ్వొద్దు, మానాక సన్‌స్క్రీన్ రాయి. చీము పట్టినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి.

అది కాకుండా ఇంకేదైనా అయితే, పాపా, అదీ చెప్పు. కోప్పడను, ఎందుకని అడగను, మీ అమ్మను ఏడవనివ్వను. మాతో చెప్పడానికి నోరు రాకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని, మనసు బాధలు చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన నంబరే. రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు షాపులో గల్లాపెట్టె పైన అంటించి పెట్టాను, పరీక్షల పిల్లల కోసం. నీకు రాయాల్సి వస్తుందని అనుకోలేదు. నువ్వు మాత్రం ఒంటరిగా కూర్చోవద్దు. రూములో ఉండే ఆ గూడూరు అమ్మాయి మంచిది, ఆమెతోనైనా చెప్పు.

టాటూ ఉంచుకుంటావో తీయించుకుంటావో అది నీ ఇష్టం. దాని మీద ఇంకో పెద్ద బొమ్మ వేయించి కప్పే పద్ధతి కూడా ఉందంట. కానీ అది ముదురు రంగులతో ఇంకా పెద్దదవుతుంది, రేపు అదీ నచ్చకపోతే తీయడం మరీ కష్టం. కాబట్టి దానికి తొందరపడొద్దు. పొద్దున లేచి చెయ్యి చూసుకుంటే నీకే బాధగా ఉంటే తీయించుకో, ఎన్ని సిట్టింగులైనా డబ్బు నేను పంపుతా. వేలల్లో అవుతుందని వెనకాడొద్దు. చిన్న మామ ఇవ్వాల్సిన బాకీ కూడా ఈ నెల వచ్చింది. అంతేగానీ బుజ్జత్త కోసమో సింగరాయకొండ కోసమో ఆ నొప్పి పడొద్దు. తిండి సరిగ్గా తింటున్నావా? పుండు మానాలంటే గుడ్డు, పప్పు తినాలి. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూడటం మానెయ్యి. కాఫీ తగ్గించు. వచ్చేటప్పుడు మొన్న పంపిన స్టీలు డబ్బాలు తెమ్మంటోంది మీ అమ్మ.

ఈ ఉత్తరం అందగానే చెయ్యి ఫోటో ఒకటి పంపు. కట్టు విప్పి, వెలుతురులో తీసి పంపు. నేను డాక్టరు గారికి చూపిస్తా. పంపినా పంపకపోయినా శనివారం పొద్దున పినాకిని రైల్లో నేను వస్తున్నా. షాపులో శీనయ్య కొడుకు కూర్చుంటాడు. ఆవకాయ, అంటుకోని గాజ్ గుడ్డలు, అవ్వ ఇచ్చిన చలిమిడి తెస్తా. లేజర్ చేసిన డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి పోదాం, రమణక్క సంగతి నేనే చెబుతా. స్టేషనుకు రావొద్దు, మధ్యాహ్నం ఎండ ఎక్కువ, చేతికి మంచిది కాదు. ఆటో మాట్లాడుకుని నేనే వస్తా.

నీ నాయన