తప్పు చేసిన పిల్లలకు ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులను తోడివ్వండి

సంపాదకులకు నమస్కారం.

సెల్‌ఫోన్లు కొట్టేస్తూ పట్టుబడ్డ మైనర్ల గురించి మొన్న మీ జిల్లా పేజీలో వచ్చిన వార్తను ఎవరో మా వాట్సాప్ గ్రూపులో పెట్టారు. దాని కింద వరసపెట్టి ‘నాలుగు తగిలించి లోపలేస్తే గానీ బుద్ధి రాదు’ అనే మెసేజీలే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల నేరాల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో సభ్యురాలిగా పనిచేసినదాన్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లలను హోముకు పంపడం ఆఖరి మార్గం కావాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. 18వ సెక్షన్ ప్రకారం బోర్డు మందలించి ఇంటికి పంపొచ్చు, కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు, ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడిక షరతుతో, వదలొచ్చు. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఎలాంటి సేవ అప్పగించాలో 2016 నియమావళి కూడా చెప్పింది. పార్కు చూసుకోవడం, వృద్ధులకు సాయపడటం, ఆసుపత్రిలో పని, ట్రాఫిక్ వాలంటీరుగా నిలబడటం లాంటివి. ఆర్డరు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. రాశాక ఆ పిల్లాడి వెంట ఉండేదెవరు? ప్రొబేషన్ ఆఫీసరుకు ఇళ్లకు వెళ్లి రావడం, రిపోర్టులు రాయడంతోనే సరిపోతుంది. ఆసుపత్రి సిబ్బందికి ఊపిరి సలపదు. చివరికి ఆర్డరు ఫైల్లోనే ఉండిపోతుంది.

మా బోర్డుకు ఫోన్ దొంగతనం కేసులో వచ్చిన ఒక పదహారేళ్ల కుర్రాడిని ప్రభుత్వాసుపత్రిలో సేవకు పంపాం. పేరు, ఊరు రాయకూడదు, రాయను. మొదట్లో గోడకు ఆనుకుని నిలబడి ఫ్యాను వంక చూసేవాడట. ఆ ఊరి డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రామ్ ఆఫీసరును అడిగితే బీకాం చదివే ఒక అబ్బాయిని తోడు పంపారు. ఆ అబ్బాయి నీతులేమీ చెప్పలేదు. చదువు రాని ముసలివాళ్ల ఓపీ చీటీ చూసి, ఏ గదికి వెళ్లాలో దగ్గరుండి చూపించాడు. వీడూ నేర్చుకున్నాడు. తర్వాత నేను వెళ్లేసరికి షుగర్ పరీక్షకు వచ్చిన ఓ మామ్మగారి చెయ్యి పట్టుకుని మందుల కౌంటరుకు తీసుకెళ్తున్నాడు. బోర్డులో మేం ఎంత బతిమాలినా నోరు విప్పని పిల్లాడు, ఆ బీకాం అబ్బాయిని టెన్త్ సప్లిమెంటరీ ఫీజు ఎక్కడ కట్టాలని అడిగాడట! ఆ ప్రశ్న మాలో ఒక్కరినీ అడగలేదు.

ఎన్‌ఎస్‌ఎస్ 1969 నుంచీ ఉంది. ఒక్కో వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. చాలాచోట్ల ఆ గంటలు ర్యాలీలకూ కాలేజీ ఆవరణ శుభ్రం చేయడానికే ఖర్చవుతున్నాయి. అందులో కొన్ని ఈ పిల్లలకు కేటాయిస్తే ఎవరికి భారం? జనానికి చట్టపరమైన సాయం అందేలా చూసే పారా లీగల్ వాలంటీర్లకు శిక్షణ ఇస్తున్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వీళ్లకూ ఇవ్వగలదు. కాకపోతే ఫొటోలు, వాట్సాప్ స్టేటస్‌లు అస్సలు పనికిరావు. పిల్లల వివరాలు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మెడలో అట్ట తగిలించి బజారు ఊడ్పించడాన్ని సేవ అనరు. కేసేమిటో కూడా విద్యార్థులకు చెప్పక్కర్లేదు.

2024 మేలో పుణెలో కారు ప్రమాదం చేసి ఇద్దరి ప్రాణాలు తీసిన మైనర్‌ను వ్యాసం రాయమని బెయిలిచ్చినప్పుడు దేశమంతా మండిపడింది. ఆ కోపంలో న్యాయముంది. అయితే అదీ ఫోన్ కొట్టేయడమూ ఒక్కటి కావు. మా కేసులో ఫోన్ పోగొట్టుకున్న అరటిపళ్ల బండి ఆయన బాధా తక్కువేం కాదు. అప్పు పెట్టినవాళ్ల నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫోన్ తిరిగి దొరికాక ఆయన అడిగింది ఒక్కటే, కుర్రాడు మళ్లీ ఇటు రాకుండా చూస్తారా అని. హోములో పెట్టి పంపితే ఆ భరోసా ఇవ్వగలమని నేననుకోను.

పద్దెనిమిది దాటినవాళ్లకూ ఈ అవసరం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం, అయిదు వేల లోపు విలువైన దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగిస్తే సమాజ సేవే శిక్ష. వాళ్ల వెంటా ఎవరో ఒకరు ఉండాలి కదా.

యూనివర్సిటీల ఎన్‌ఎస్‌ఎస్ సమన్వయకర్తలు, న్యాయ సేవాధికార సంస్థల కార్యదర్శులు, జిల్లా బాలల రక్షణ అధికారులు ఈ విద్యా సంవత్సరంలోనే ఒకసారి కలిసి కూర్చోవాలని కోరుతున్నాను. ముందు జిల్లాకు ఒక్క కాలేజీతో మొదలుపెట్టినా చాలు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా