ఇంటి సొమ్ము పాత బాకీకా?

సంపాదక మహాశయా,

ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, ఇప్పుడు హైదరాబాద్ రాంనగర్‌లో ఉంటున్నాను. నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో మా తమ్ముడికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. ప్రభుత్వ సాయం 5 లక్షల రూపాయలు, విడతలవారీగా. అధికారులు బేస్‌మెంట్ ఫోటో తీసుకువెళ్లిన నెలకు మొదటి లక్ష ఖాతాలో పడింది. మర్నాడు ఇటుకల లారీకి ఇద్దామని వెళితే అందులో 62 వేలే ఉన్నాయి! మిగిలిన 38 వేలు బ్యాంకువాళ్లు పాత పంట రుణం బాకీకి జమ చేసుకున్నారట. అడిగితే "కంప్యూటర్ దానంతట అదే తీసుకుంది" అన్నారు. కంప్యూటర్‌కు అలా చెప్పింది ఎవరో నాకు తెలియదనుకున్నారు కాబోలు.

మేస్త్రీ వేరే పనికి వెళ్లిపోయాడు. గోడలు లేవకపోతే రెండో విడత రాదు. మా మరదలు ఇప్పటికీ రేకుల పాకలోనే వండుతోంది.

ఇది ఒక్క ఇంటి గోడు కాదనిపిస్తోంది. సొమ్ము నేరుగా లబ్ధిదారు ఖాతాకు పంపి ప్రభుత్వం చేతులు దులుపుకుంటే సరిపోదు. గృహనిర్మాణ సొమ్ము పడ్డ ఖాతాలో పాత బాకీల కోతను కంప్యూటర్‌లోనే ఆపవచ్చు. మా రోజుల్లో ఇలాంటి సొమ్ము కోయరాదని లెడ్జర్ మీద ఎర్ర సిరాతో రాసేవాళ్లం. మూడు నెలలకోసారి జరిగే రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమావేశంలో ప్రభుత్వ అధికారులు ఏ బ్యాంకు శాఖ ఎంత కోసుకుందో లెక్క అడగాలి. కోసుకున్నది వారంలో తిరిగి వేయించాలి.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాంనగర్, హైదరాబాద్