2024–25 వార్షిక నివేదిక: నగరమంతా ఒక్క ఆదివారం

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన అందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంఘం చేసిన పనుల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు, నియమావళి అందరికీ తెలిసినవే కాబట్టి మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. నిరుడు నివేదిక పొడుగైందని కొందరు సణిగారు. ఈసారి ఇంకాస్త పొడుగైంది. ఏడాది అలాంటిది మరి.

మామూలు పనులు ముందు చెప్పేస్తాను. వేసవిలో చలివేంద్రాలు ఎప్పటిలాగే నడిచాయి. జూన్‌లో బడులు తెరిచేసరికి నోటు పుస్తకాలు అందించాం. ఆగస్టు 15న జెండా ఎగరేశాం, చాక్లెట్లు చాలలేదు. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచాలని అడ్వాన్సు కూడా ఇచ్చాం. చవితి సెప్టెంబరు 7న. అప్పటికి బెజవాడలో సగం ఊరు నీళ్లలో ఉంది. బొమ్మలు చేసే ఆయన షెడ్డులోకి నడుములోతు నీరొచ్చి, ఆరబెట్టిన వినాయకులు ఆరబెట్టినచోటే కరిగిపోయారు. అడ్వాన్సు వెనక్కి అడగకూడదని కార్యవర్గం తీర్మానించింది. కోశాధికారి గారికి ఇది లెక్కల్లో ఎక్కడ చూపాలో తెలియడం లేదట. ఈ సమావేశం ఆమోదిస్తే ఆ తలనొప్పి తీరిపోతుంది.

వరద గురించి మీకు నేను చెప్పేదేముంది? బుడమేరు వాగు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ఉరుకుతోంది. బుడమేరు నీరు కృష్ణలోకి దిగే దారి లేక సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మీదకు మళ్లింది. రిటైనింగ్ వాల్ పుణ్యమా అని కృష్ణలంక ఈసారి గట్టెక్కింది. ఆ రోజుల్లో మన సభ్యులు వండి పంపిన పులిహోర, పంచిన నీళ్ల సీసాలు, ఇళ్లలో ఎత్తిపోసిన బురద ప్రత్యేక నివేదికలో ఉన్నాయి. దాన్ని అక్టోబరులోనే అందరికీ పంపాం.

అయితే అప్పుడు చూసిన ఒక విషయం మాత్రం ఇక్కడ రాయాలి. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర సాయం చేయడానికి వచ్చిన జనానికి కొదవ లేదు. ప్యాకెట్ల మీద ప్యాకెట్లు వచ్చాయి. అవన్నీ వంతెన దిగిన చోటే పంచేశారు. లోపలి సందుల్లో మేడ మీద నిలబడి చేతులూపుతున్న వాళ్లకు చేరింది తక్కువ. ఏ వీధిలో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో, ఎవరి దగ్గర ట్రాక్టర్ ఉందో, ఎవరికి ఈత వచ్చో చెప్పగలిగినవాడు అక్కడ లేడు. చేతులు వందలున్నాయి, దారి చూపే మనిషి లేడు. నగరమంతా ఒకే రోజు సేవా కార్యక్రమం పెట్టాలన్న ఆలోచన అక్కడే మొదలైంది. దసరా అయ్యాక జరిగిన కార్యవర్గ సమావేశంలో మన ఉపాధ్యక్షులు దీన్ని ప్రతిపాదించారు. డిసెంబరు 5 అంతర్జాతీయ వాలంటీర్ల దినం. 1985లో ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఆ రోజు గురువారం పడింది, గురువారం పొద్దున పార పట్టుకుని ఎవరొస్తారు? అందుకని డిసెంబరు రెండో ఆదివారానికి ఖాయం చేశాం.

నగరంలో 64 డివిజన్లున్నాయి. అన్నింటా చేద్దామన్న ఉత్సాహం మొదట్లో ఉంది. కానీ బాధ్యుడు దొరికిన చోటే పని పెట్టాలని, బాధ్యుడు లేని డివిజన్ పేరు కరపత్రంలో వేయకూడదని గట్టిగా అనుకున్నాం. ఒక చోటికి ఒకే పని, తొమ్మిదిన్నరకల్లా ముగిసేంత పని. బాధ్యుడు ముందు వారమే ఆ చోటికి నడిచి వెళ్లి, ఏం చేయాలి, ఎంతమంది కావాలి, ఎత్తిన చెత్త ఎక్కడ పెట్టాలి, నీళ్లు ఎవరింట్లో దొరుకుతాయి అన్నవి ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం ఇవ్వని చోటికి గ్లౌజులు పంపలేదు. దీని మీద నాకు శాపనార్థాలు తగిలాయి, పడ్డాను.

కాలువల గురించి చాలామంది పట్టుబట్టారు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడింట్లోకీ దిగి గుర్రపుడెక్క లాగేద్దామన్నారు. డిసెంబరులో కాలువల్లో నీరుంటుంది, కట్టేసేది వేసవిలో. పైగా గుర్రపుడెక్క కింద ఏముందో దిగేదాకా తెలియదు. కాబట్టి గట్ల మీద పని వరకే. ఆసుపత్రి చెత్త, సూదులు, గాజు పెంకులు కనిపిస్తే ముట్టకుండా సున్నం గీత గీసి వదిలేయమన్నాం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రుల ఉత్తరం తేవాలన్నాం. ఇంత చెప్పినా పటమట వైపు ఇద్దరు కుర్రాళ్లు చెప్పులు పోగొట్టుకుని మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చారు. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి మాట్లాడిన మాటలు మినిట్స్‌లో రాయలేదు.

ఆ రోజు నేను ఎక్కువసేపు ఉన్నది పాయకాపురంలో ఒక కల్వర్టు దగ్గర. వరదకు పాడైన పరుపులు మూడు నెలలైనా అక్కడే పడున్నాయి. ఒకటి జారి తూము నోటికి అడ్డంపడి, దాని వెనక మురుగంతా నిలిచిపోయింది. నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు తలో మూలా పట్టుకుని లాగితే కదల్లేదు. మనతో వచ్చిన పారిశుధ్య కార్మికురాలు, వయసులో పెద్దామె, కాసేపు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "అది నీళ్లు తాగిన పరుపు బాబూ, మీ తాతొచ్చినా లేవదు. ముందు కడుపు కొయ్యండి" అని తానే కొడవలి తీసుకుని నిలువునా చీల్చింది. నల్లటి నీరు బుడబుడా కారిపోయింది. లోపలి దూది ముద్దలు ముద్దలుగా తట్టల్లోకి తీశారు. చివరికి మిగిలిన గుడ్డను ఒక్కడే లాగేశాడు. దాని వెనక తూములో ఇరుక్కున్నది ఎవరిదో ఉగాది శుభాకాంక్షల ఫ్లెక్సీ. ఏ పార్టీదని నన్నడగొద్దు. అదీ వచ్చాక మురుగు గలగలమంటూ కదిలింది. పై అంతస్తుల్లోంచి చూస్తున్న ఇల్లాళ్లు దిగొచ్చి టీలు ఇచ్చారు. తర్వాతి గంట పని వాళ్లే చేశారు.

ఆ పెద్దామె చెప్పిన ఇంకో మాట వచ్చే ఏడాదికి పనికొస్తుంది. తీసిన పూడికను కాలువ పక్కనే కుప్ప పోస్తే, అది ఆరాక ఎత్తకపోతే, తర్వాతి వానకు మొత్తం మళ్లీ లోపలికే పోతుంది. "మీరు తీసి ఫొటో దిగిపోతారు, సోమవారం ఎత్తేది మేమే" అంది. నవ్వుతూనే అంది. అయినా తగిలింది.

రాజరాజేశ్వరిపేటలో పని వేరు. అక్కడ బల్లలు వేసి, వరదలో కాగితాలు పోగొట్టుకున్న వాళ్లకు దరఖాస్తులు నింపిపెట్టాం. ఆధార్, రేషన్ కార్డు, టెన్త్ మార్కుల జాబితా నకలు, బ్యాంకు పాసుబుక్కు, ఒక్కొక్కరిదీ ఒక్కో చిక్కు. ఆధార్ పీవీసీ కార్డుకు రుసుము అప్పట్లో 50 రూపాయలే. బయట అంతకు నాలుగైదింతలు ఇచ్చినవాళ్లు మా బల్ల దగ్గరే తెలుసుకుని తల కొట్టుకున్నారు. ఇక్కడ పనిచేసిన విశ్రాంత ఉపాధ్యాయులు మధ్యాహ్నం రెండయినా లేవలేదు. తొమ్మిదిన్నర నియమం వాళ్లకు వర్తించలేదు. పార పనికి వంద మంది ఉత్సాహపడతారు, ఈ పనికి దొరికేవారు తక్కువ. నిజానికి జనానికి ఎక్కువ అక్కరకొచ్చింది ఇదేనని నా అభిప్రాయం.

రక్తదాన శిబిరం సత్యనారాయణపురంలో పెట్టాం. పొద్దుటి నుంచి పార పట్టి, ఖాళీ కడుపుతో నేరుగా వచ్చిన కుర్రాళ్లను డాక్టరు గారు తిప్పి పంపారు. తిని, కాసేపు కూర్చుని వచ్చినవాళ్ల దగ్గరే తీసుకున్నారు. వచ్చేసారి శిబిరం వేరే రోజు.

ఇక చేదు మాటలు. వాట్సాప్ గ్రూపులో "నేను సైతం" అన్నవాళ్లు, బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్లు అందరూ వచ్చి ఉంటే ప్రతి డివిజన్‌కూ సరిపోయేవాళ్లం. వచ్చింది సగం కంటే తక్కువ. పెళ్లిళ్ల సీజన్ అన్నారు, చలి అన్నారు, పిల్లల పరీక్షలన్నారు. అంతకు కొద్ది వారాల ముందే కార్తీక వనభోజనాలకు ఇదే సంఘం నుంచి బస్సులు చాలనంత జనం వచ్చారు. అప్పుడు అడ్డురాని పరీక్షలు ఈ ఆదివారానికి ఎలా వచ్చాయో తెలియదు. టీషర్టు మాత్రం తీసుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు నా దగ్గర ఉన్నాయి. చదవమంటే చదువుతాను, వద్దంటే మానేస్తాను.

అధికారుల సంగతి. అనుమతి కోసం అక్టోబరులోనే ఉత్తరం ఇచ్చాం. ఒక కార్యాలయంలో ఫైలు పైకి వెళ్లిందన్నారు. పైన అడిగితే కిందికి వచ్చిందన్నారు. మధ్యలో ఏ మెట్టు మీద కూర్చుందో ఎవరూ చెప్పలేదు. చివరికి కాగితం చేతికొచ్చింది శనివారం సాయంత్రం. చెత్త ఎత్తడానికి టిప్పర్లు పంపుతామని మాటిచ్చినవాళ్లు ఆదివారం ఫోన్ ఎత్తలేదు. గొల్లపూడి నుంచి మన సభ్యుడొకరు తన ట్రాక్టరు, ఆయన బావమరిది ఇంకో ట్రాక్టరు తెచ్చి రాత్రి ఎనిమిదింటి దాకా తిప్పబట్టి సంచులు రోడ్డు మీద మిగల్లేదు. ముఖ్య అతిథి ఒకరు పని ముగిశాక వచ్చి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చి ఫొటో దిగి వెళ్లారు. మరుసటి రోజు పేపర్లో వచ్చింది ఆ ఫొటోనే. ఇలా రాస్తున్నందుకు అధ్యక్షులు నన్ను మందలిస్తారని తెలుసు.

అదే సమయంలో, వార్డు సచివాలయాల శానిటేషన్ సెక్రటరీలు, మేస్త్రీలు సెలవు రోజు అయినా వచ్చి నిలబడ్డారు. వాళ్లు లేకపోతే ఏ కాలువ ఎటు పారుతుందో మనకు తెలిసేది కాదు.

ఆ ఆదివారం వల్ల సంఘం చేతికి దక్కిన గట్టి వస్తువు ఒక పుస్తకం. బాధ్యులు ముందు వారం రాసిచ్చిన కాగితాలు, ఆ రోజు పని చేసినవాళ్ల వివరాలు కలిపి డివిజన్ల వారీగా కుట్టించాం. ట్రాక్టరు ఎవరిది, జనరేటరు ఎవరింట్లో, ఏ వీధి పల్లం, ఏ అపార్టుమెంటులో నర్సు ఉంది, ఏ ఇంట్లో మంచాన పడ్డవాళ్లున్నారు అన్నీ అందులో ఉన్నాయి. ఇంటింటి సమ్మతితోనే రాశాం. దాన్ని ఫోన్లలో తిప్పకూడదని తీర్మానం. ఒక ప్రతి ఆఫీసులో, ఒకటి అధ్యక్షుల దగ్గర. మళ్లీ బుడమేరు పొంగితే ఫ్లైఓవర్ దగ్గర నిలబడే మనిషి చేతిలో ఈ పుస్తకం ఉండాలి. ప్రతి ఆగస్టులోపు దీన్ని సరిచూడటానికి డివిజన్‌కు ఇద్దరు కావాలి. ఇప్పటిదాకా పేర్లిచ్చినవాళ్లు బహుకొద్దిమంది.

కృతజ్ఞతలు. స్థలం ఇచ్చిన కల్యాణ మండపం యాజమాన్యానికి, తెల్లవారుజామున ఉప్మా వండిన పటమట మహిళా విభాగానికి, మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చిన డెయిరీ డీలరు గారికి, గోనె సంచులు ఉచితంగా ఇచ్చిన వన్ టౌన్ బియ్యం వ్యాపారులకు, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులకు, వాళ్లను వెంటపెట్టుకొచ్చిన అధ్యాపకులకు, దరఖాస్తుల బల్ల దగ్గర కూర్చున్న మాస్టార్లకు, రక్తనిధి సిబ్బందికి, మైకు సెట్టు ఇచ్చి బిల్లు పంపని మధురానగర్ కుర్రాళ్లకు, కరపత్రం అచ్చు తప్పులు దిద్ది రాత్రికి రాత్రి మళ్లీ వేసిచ్చిన ప్రెస్సు వారికి, రెండు ట్రాక్టర్లకు, ఆ కొడవలి పట్టిన పెద్దామెకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఆమెకు చీర పెట్టాం. చీర కన్నా మంచి గ్లౌజులు కావాలంది, అవీ ఇచ్చాం. ఎవరి పేరైనా మరిచిపోతే సమావేశం అయ్యాక టీ దగ్గర గుర్తుచేయండి.

లెక్కలు: ఆడిట్ అయిన ఆదాయ వ్యయ పట్టిక చివరి పేజీలో ఉంది. విరాళాల రసీదులన్నీ ఉన్నాయి. టీషర్టుల ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, ఎందుకో పైన చెప్పాను. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి. సొసైటీల చట్టం ప్రకారం కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు పంపాలి కాబట్టి ఎన్నికైనవారు ఈరోజే సంతకాలు పెట్టి వెళ్లండి. చందా బకాయిల పట్టిక గోడకు అంటించాం, అందులో కార్యవర్గ సభ్యులవీ ఉన్నాయి.

ఈ ఏడాది, కాలువలు కట్టేసే వేసవిలోనే ఒక పూట గట్ల పని పెట్టి, పూడిక ఎత్తే వాహనం ముందుగా మన డబ్బుతోనే మాట్లాడుకోవాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. చర్చించి నిర్ణయించండి.

చివరగా ఒక మనవి. డిసెంబరులో ఆఫీసు నుంచి తీసుకెళ్లిన పారల్లో పదకొండు, దంతెల్లో నాలుగు ఇంకా తిరిగి రాలేదు. పిడి మీద ఎర్ర రంగు చుట్ట ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. వచ్చే ఆదివారం లోపు ఆఫీసులో అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ