సెమికోలన్ గారికి వారం సెలవు

ఒరేయ్ బావా,

దసరాకి రాస్తానని మాటిచ్చి సంక్రాంతి ముంగిట రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే సరిగ్గా రసపట్టులో "ఆగరా, ఇంకో కాల్ వస్తోంది" అంటావు, ఈ సంగతి మధ్యలో ఆగితే నాకు అన్నం అరగదు. ఇంటి కబుర్లు ఒక్క ఊపులో చెప్పేస్తా: నాన్న మోకాలు కాస్త నయం, సార్వా ధాన్యం అమ్మేశాం, దాళ్వా ఊడ్పులు సగం అయ్యాయి, అక్క రెండోవాడికి పళ్ళొస్తున్నాయి, ఆ పళ్ళతో నా ఛార్జర్ వైరు కొరికేశాడు, నా పని ఇంకా ఇంటి నుంచే, మేనేజరు ఇంకా ఆ మేనేజరే. అంతే.

అసలు సంగతి. మన డెవలపర్ల గ్రూపు ఉంది చూడు, నువ్వు డల్లాస్‌లో దిగీ దిగగానే మ్యూట్ చేసి పడేశావే, అందులోంచి మన సీనియర్‌ని, అదే మనం సెమికోలన్ గారు అని పిలుచుకునే ఆయన్ని, వారం రోజులు బయట కూర్చోబెట్టాం.

అవును, ఆయన్నే. మళ్ళీ చదువుకో కావాలంటే. ముక్తేశ్వరం రేవులో పంటు మీద నువ్వు చేతులు కట్టుకుని ఆయన్ని ఎలా అనుకరించావో అది తలుచుకుని నవ్వుకో, తర్వాత చదువు, ఎందుకంటే ఇక్కణ్ణుంచి అంత నవ్వొచ్చే కథ కాదు.

వరదల రోజుల్లో మొదలైంది. మన కోనసీమ అమ్మాయే ఒకమ్మాయి, డిగ్రీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం, గ్రూపులో ఒక ప్రశ్న పెట్టింది. ల్యాప్‌టాప్ తెరని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టింది, సగం ట్యూబులైటు వెలుగే పడింది అందులో. 3000 పోర్టులో రియాక్ట్ (పేజీ వైపు), 5000లో నోడ్ (సర్వర్ వైపు), బ్రౌజర్ కన్సోల్ నిండా ఎర్ర అక్షరాలు. అదేరా, కోర్స్ ఎర్రర్, ఒక అడ్రసు నుంచి వచ్చిన పేజీ ఇంకో అడ్రసు జవాబు చదవబోతే బ్రౌజర్ అడ్డుపడేది. మనందరి జుట్టూ పీకించిందే. సర్వర్ వైపు నుంచి "వీళ్ళని రానీ" అని ఒక్క హెడర్ పంపితే బ్రౌజర్ నోరు మూసుకుంటుంది, ఆ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. సెమికోలన్ గారేం రాశారో తెలుసా? "ముందు స్క్రీన్‌షాట్ తీయడం నేర్చుకో. అదీ రాకపోతే మీ ఊళ్ళో కొబ్బరికాయల వ్యాపారం చూసుకో." దాని కింద వరసపెట్టి నవ్వు బొమ్మలు. నాకు ఆ మాట కన్నా ఆ బొమ్మలే ఎక్కువ మండాయిరా. పది నిమిషాల్లో ఆ అమ్మాయి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆయన మీద ఏం చేద్దామన్నా చేతిలో ఏమీ లేదు, మనకి రూల్స్ అంటూ ఉంటేగా! "మర్యాదగా ఉండండి" అని పైన పిన్ చేసిన ఒక్క వాక్యం, దాని పక్కన దండం బొమ్మ.

అప్పుడు కూర్చున్నాం రూల్స్ రాద్దామని. బావా, వెయ్యి లైన్ల కోడ్ రాయడం తేలిక. కంట్రిబ్యూటర్ కవనెంట్ అని 2014లో కొరలైన్ అడా ఎమ్కీ అనే ఆవిడ రాసిన నియమావళి ఉంది, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, దాన్నే ముందు పెట్టుకున్నాం. మొదటి రోజే సెమికోలన్ గారు అడ్డం. కోడ్ బాగుంటే చాలు, మర్యాదలు ఎందుకు, లైనక్స్ పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ఎవర్ని తిట్టకుండా దాన్ని నడిపాడు అని. నేను ఊరుకుంటానా! అయ్యా, ఆ లైనసే 2018 సెప్టెంబరులో, నా మాట తీరు బాలేదని క్షమాపణ చెప్పి, కొన్నాళ్ళు కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) పని వేరే వాళ్ళకి అప్పజెప్పి, అక్టోబరులో తిరిగొచ్చాడు, కెర్నెల్‌కి ఇదే కవనెంట్ పెట్టింది కూడా ఆ సెప్టెంబరులోనే అన్నాను. ఆయన మైకు ఆపేసుకున్నారు. (కరెంటు పోయిందట. ఆయన ఉండేది బెంగళూరులో పదకొండో అంతస్తు, జనరేటరున్న బిల్డింగు. సరేలే.)

మధ్యలో మనవాడొకడు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ వాళ్ళ కథ మోసుకొచ్చాడు. వాళ్ళు 2018లో ఆరో శతాబ్దపు సెయింట్ బెనెడిక్ట్ మఠం నియమాలు తెచ్చి తమ నియమావళిగా పెట్టారట, గొడవయ్యాక దానికి వేరే పేరు పెట్టుకుని, నియమావళిగా ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా వాళ్ళది తెచ్చుకున్నారు. ఆ మఠం లిస్టులో ఎక్కువ తినకూడదు, నిద్రమత్తుగా ఉండకూడదు అని కూడా ఉందిరా! అదే కనక మనం పెడితే రావులపాలెం నుంచి రాజోలు దాకా ఒక్కడు మిగలడు గ్రూపులో. ఆ రాత్రి మీటింగు అక్కడితో సరి.

ఇక ఏకవచనం గొడవ. మన గోదావరోళ్ళం కుక్కని కూడా "రండి" అంటాం కదా, అందరూ "మీరు" అనాలని రూల్ పెట్టమని పాలకొల్లు బ్యాచ్. కరీంనగర్ కుర్రాడొకడు, "అన్నా, మా దిక్కు నువ్వు అంటే సొంతమనుకున్నట్టు, మీరు అంటే దూరం పెట్టినట్టు" అన్నాడు. రెండూ నిజమే. ఆ రూలు పెట్టలేదు, పెట్టకపోవడమే మంచిదైంది, ఎందుకో కింద చెప్తా. డబ్బులకి వేరేవాడి బదులు ఇంటర్వ్యూలో కూర్చోవడం, జాబ్ సపోర్ట్ పేరుతో రాత్రిళ్ళు ఒకడి ఉద్యోగం ఇంకొకడు చేయడం, సర్టిఫికేషన్ డంపులు (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు), కంపెనీ కోడు, పాస్‌వర్డులు అతికించడం, ఇవన్నీ నిషేధం. ఇక్కడ ఇద్దరు ముగ్గురు చప్పుడు చేయకుండా జారుకున్నారు, వాళ్ళ వ్యాపారమే అది మరి. ఏఐ చెప్పిన జవాబు తాను నడిపి చూడకుండా తెచ్చి పెట్టకూడదు అన్నది ఒక్కటే గొడవ లేకుండా గట్టెక్కింది. ప్రోగ్రామర్ల ప్రశ్నలూ జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ళు 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ జవాబులు వద్దన్నారు కాబట్టి పెద్దలు చెప్పినట్టు అయిపోయింది.

అసలు మంట కులం దగ్గర. కవనెంట్‌లో ఫలానా ఫలానా తేడాలు చూడకూడదు అని పెద్ద లిస్టుంది కదా, 2021లో వచ్చిన 2.1 వెర్షన్‌లో అందులో కులం అనే మాట చేర్చారు. 2.0లో లేదు. మనవాళ్ళు ఏమన్నారంటే, మనం చదువుకున్నవాళ్ళం, సాఫ్ట్‌వేరోళ్ళం, మన మధ్య కులమేంటి, ఆ మాట రాస్తేనే లేనిది పుట్టించినట్టు అని. అంటున్నది ఎవరో చూడు: కొత్తవాడు చేరగానే ఇన్‌బాక్స్‌లోకి వెళ్ళి "ఏ ఊరండి, మీరేమిట్లండి" అని ఆరా తీసేది వాళ్ళే. నేను పట్టుబట్టాను. ఆ మాట ఉంచాం, ఇన్‌బాక్స్ ఆరాలు కూడా రూల్స్ కిందికే వస్తాయని విడిగా ఒక లైను రాశాం.

చిత్తుప్రతి ఇంట్లో పైకి చదువుతుంటే బాబాయ్ విన్నాడు. నీకు తెలుసుగా, 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఏదో ఒక సంఘంలో ఉంటూనే ఉన్నాడు. అంతా విని, "దాళ్వాకి నీళ్ళు చాలకపోతే వంతు పెడతాం కదరా, అది తూము పక్క చేనోడి కోసం కాదు, వాడికి ఎలాగూ పారుద్ది. శివారోడి కోసం. అది సరే, రాత్రిపూట తూము తలుపు ఎత్తేసేవాణ్ణి పట్టుకోడానికి మీకు లస్కరు ఎవడు?" అన్నాడు. అన్నేసి మీటింగులు పెట్టి మేం ఒక్కసారీ అడుక్కోని ప్రశ్న.

ఇంకో ప్రశ్న ఆ అమ్మాయి వేసింది. ఎలాగోలా మెయిల్ సంపాదించి చిత్తుప్రతి పంపి, చూసి చెప్పమ్మా అన్నాను. ఒక్క లైను జవాబు: "ఆ రోజు నవ్వినవాళ్ళలో ఇద్దరు మీ అడ్మిన్లే కదండి, మీ మీద ఎవరికి చెప్పాలి?" నేను నవ్వలేదులే, కానీ నిజమే కదా! రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ళ మోడరేటర్లు 2021 నవంబరులో మొత్తానికి మొత్తం రాజీనామా చేశారు గుర్తుందా? కోర్ టీమ్ ఎవరికీ జవాబుదారీ కాదు, వాళ్ళ మీద మేం రూల్స్ అమలు చేయలేకపోతున్నాం అని. అంతంత పెద్దవాళ్ళకే తేలనిది. చివరికి అడ్మిన్లు కాని ముగ్గుర్ని పెట్టాం, అడ్మిన్ మీద ఫిర్యాదు నేరుగా వాళ్ళకే. ఆ నవ్విన ఇద్దరూ అలిగారు, అలగనీ.

శిక్షలు కవనెంట్ 2.1లో ఉన్న నాలుగు మెట్లే: ముందు చాటుగా చెప్పడం, తర్వాత హెచ్చరిక, తర్వాత కొన్నాళ్ళు బయట, ఆ తర్వాత శాశ్వతంగా. సెమికోలన్ గారు కార్తీకం వెళ్ళేలోపే మొదటి రెండూ ఎక్కేశారు. మూడోది మొన్న. కరీంనగర్ కుర్రాడు ఆయన చెప్పిన కిటుకు పనిచేసిందన్న సంతోషంలో "నువ్వు చెప్పినట్టే చేసిన అన్నా, అయింది" అని రాశాడు. థాంక్స్ చెప్పాడురా పాపం. అందరూ "మీరు" అనాలన్న ఆ రూలే పెట్టి ఉంటే తప్పు వాడిదే అయ్యేది. ఈయన, "నువ్వేంటి? నేను నీ క్లాస్‌మేట్‌నా? ఇంటిపేరు చూస్తేనే తెలుస్తోందిలే."

ఆ ఆఖరి ముక్క చూశావా. కులం అనే మాటే లేదు అందులో, ఉన్నదంతా అదే. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఫిర్యాదు వేరేవాళ్ళు పెట్టారు, ఎవరో నీకు కూడా చెప్పను, అది కూడా రూలే. ఆయనకి రాసి అడిగాం, సరదాకి అన్నానన్నారు. వారం రోజులు బయట. గ్రూపులో పేరు లేకుండా "ఒక సభ్యుడిపై చర్య తీసుకున్నాం" అని మాత్రమే పెట్టాం. మేం అంత గుట్టుగా ఉంటే ఆయనే వాట్సాప్ స్టేటస్‌లో "నిజం మాట్లాడితే గెంటేస్తారు" అని పెట్టుకుని ఊరంతా చాటింపు వేసుకున్నారు!

ఆ రాత్రి ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నీ మొదటి ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి రెండింటి దాకా నీతో కూర్చున్నది ఎవర్రా?" అన్నారు. ఆయనే. నీకూ తెలుసు, నువ్వు పక్క మంచం మీద గురక పెడుతున్నావు. రికర్షన్ నా బుర్రకెక్కించింది ఆయనే, గ్రూపులో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో ఆయన చలవ వల్ల. నోట మాట రాలేదు కాసేపు. కానీ బావా, ఎంత సాయం చేసిన మనిషైనా శిక్షలో తగ్గింపు ఉండదు అనే లైను పట్టుబట్టి రాయించింది నేనే. చేసిన సాయం ఒక ఖాతా, అన్న మాట ఇంకో ఖాతా, దీనికీ దానికీ చెల్లు పెట్టేస్తే ఆ కుర్రాడికి మిగిలేదేంటి? అదే చెప్పాను ఆయనకి, ఇంత శుభ్రంగా కాదు, నీళ్ళు నములుతూ చెప్పాను. "సరే" అని పెట్టేశారు. ఆ "సరే" ఏ రకమో నాకు ఇంకా అర్థం కాలేదు.

వారం నిన్నటితో అయిపోయింది. లింకు పంపాం, ఇంకా చేరలేదు. ఆ అమ్మాయీ రాలేదు, వేరేచోట నేర్చుకుంటోందట, మీ గ్రూపుకో దండం అంది. ఆ మాట విన్నప్పట్నుంచి మనసు అదోలా... సరే, వదిలెయ్. ఇప్పుడు అసలు టెన్షన్ ఏంటంటే, సెమికోలన్ గారు పండక్కి రాజోలు, అత్తారింటికి వస్తున్నారు. భోగి నాడు మా ఇంటికి వస్తానని మెసేజ్. ఒక్క ముక్కే, "మాట్లాడాలి" అని. అమ్మేమో పాపం ఆయనకి పూతరేకులంటే ఇష్టమని ఆత్రేయపురం మనిషికి చెప్పేసింది కూడా. ఎదురుగా కూర్చుని ఏం మాట్లాడను? నువ్వుంటే ఏదో ఒకటి వాగి తేలిక చేసేవాడివి. జగ్గన్నతోట ప్రభలకైనా వస్తానన్నావు, ఈ ఏడు కూడా ఎగ్గొట్టావు కదరా.

నువ్వైతే వారం వేసేవాడివా, ఇంకో హెచ్చరికతో సరిపెట్టేవాడివా? నిజం చెప్పు, నా మొహం చూసి కాదు. ఎందుకంటే ఆ ముగ్గురిలో ఒకాయన ఓటు వేసే ముందు ఒక మాట... అబ్బా, బాబాయ్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు, అమలాపురం వెళ్ళాలి, చెరువు ఏరేటర్ మోటారు కాలిపోయింది. ఆ ఓటు కథ ఇంకో ఉత్తరంలో. ముందు నువ్వు జవాబు రాయి.

నీ
బుజ్జిగాడు